ఫూజీ ఎక్కాం, నిదానంగా ఎక్కాం – నా అనుభవం

ఎక్స్చేంజ్ ప్రోగ్రామ్ మీద జపాన్ వచ్చే మనవాళ్ళు ఎప్పుడో ఒకసారి అడిగే ప్రశ్న ఇది, జపాన్‌లో అన్నిటికంటే ఎత్తైన కొండ ఫూజీ ఎక్కొచ్చా, ట్రెక్కింగ్ అలవాటు లేనోళ్ళ వల్ల అవుతుందా అని. అవుతుంది. సూర్యోదయానికి శిఖరం మీదే ఉండాలన్న పట్టుదల పక్కన పెడితే ఇంకా బాగా అవుతుంది. మేం ఐదుగురం 2025 ఆగస్టు మొదట్లో ఎక్కాం, టోక్యోలో సెమిస్టర్ పరీక్షలు అయిపోయాక. నేను, కర్నూలు నుంచి వచ్చిన మా జూనియర్, హాస్టల్లో ఉండే వియత్నాం అమ్మాయి, ఒక జర్మనీ కుర్రాడు, మా ల్యాబ్ సీనియర్. సీనియర్ జపాన్ వాడే, ఇదివరకు ఎక్కినవాడు.

ముందు రూల్స్ సంగతి చెప్తా, పాత వీడియోలు చూసుకుని బయల్దేరితే గేటు దగ్గరే ఆగిపోతారు. దారులు నాలుగు, యోషిదా, సుబాషిరి, గోతెంబా, ఫుజినోమియా. మేం వెళ్ళింది యోషిదా, టోక్యోలో షింజుకు నుంచి రెండున్నర గంటల్లో బస్సు నేరుగా ఐదో స్టేషన్ దగ్గర దింపుతుంది (స్టేషన్లంటే రైలువి కావు, కొండ దారిలో నంబర్లు వేసిన మజిలీలు), పైగా ఆ దారిలో రాత్రి పడుకునే హట్‌లు ఎక్కువ. యోషిదా సీజన్ జూలై 1 నుంచి సెప్టెంబర్ 10 వరకే. 2024లో ఈ దారికి 2,000 యెన్ ఫీజు పెట్టి రోజుకి 4,000 మందికి మించి వదలబోమన్నారు, 2025లో ఫీజు 4,000 అయింది, మిగతా మూడు దారులకి కూడా వచ్చేసింది. యోషిదాలో మధ్యాహ్నం 2 నుంచి తెల్లవారుజామున 3 దాకా గేటు మూసేస్తారు, ఆ టైంలో హట్ బుకింగ్ ఉన్నవాళ్ళనే వదుల్తారు. సాయంత్రం మొదలుపెట్టి నిద్ర లేకుండా రాత్రంతా ఎక్కేసి, పైన చలికి వణుకుతూ కూలబడిపోయేవాళ్ళు ఎక్కువైపోయారు, అందుకే ఈ రూల్. నాకైతే చాలా న్యాయంగా అనిపించింది.

మేం ముందు హట్ దొరికిన తేదీ చూసుకుని దాన్ని బట్టే మిగతావన్నీ పెట్టుకున్నాం. వీకెండ్, ఆగస్టు మధ్యలో ఓబోన్ సెలవులు రెండూ వదిలేశాం, అప్పుడు దారి మీద క్యూలే. ఫీజు ఆన్‌లైన్లో కట్టేస్తే క్యూఆర్ కోడ్ వస్తుంది, గేటు దగ్గర అది చూపిస్తే చేతికి బ్యాండ్ కడతారు. బూట్లు, హెడ్‌ల్యాంప్, రెయిన్ సూట్ అద్దెకి తెచ్చుకున్నాం. రెయిన్ సూట్ అంటే చొక్కా, ప్యాంటు విడివిడిగా ఉండాలి, పొంచో పనికిరాదు, అక్కడ గాలికి వాన కింద నుంచి కూడా కొడుతుంది. ఇంకోటి, వంద యెన్ నాణేలు బాగా పెట్టుకోండి, పైన టాయిలెట్‌కి వెళ్ళిన ప్రతిసారీ 200, 300 వేయాలి, చిల్లర ఇచ్చేవాళ్ళు ఉండరు. చెత్తబుట్టలు కూడా ఉండవు, మన చెత్త మన బ్యాగులోనే కిందకి తెచ్చుకోవాలి.

తిండి విషయంలో నాకూ జూనియర్‌కీ దిగులు ఉండేది, ఇద్దరం వెజ్. హట్‌లో పెట్టే కర్రీ రైస్‌లో మాంసం ఉంటుందని సీనియర్ ముందే చెప్పాడు. అందుకని టోక్యోలోనే నిషి కసాయ్ అనే చోట ఇండియన్ స్టోర్‌కి వెళ్ళి సోనా మసూరి, చింతపండు తెచ్చి ముందురోజు రాత్రి పులిహోర కలిపాం, పల్లీలు కాస్త ఎక్కువే వేసి. జపాన్ బియ్యంతో పులిహోర ముద్ద కడుతుంది, పొడిపొడిగా రాదు, ఆ విషయంలో రాజీ పడొద్దు.

ఐదో స్టేషన్ అంటేనే దాదాపు 2,300 మీటర్లు. దిగీ దిగగానే పరుగెత్తకుండా అక్కడే ఒక గంట కూర్చోమన్నాడు సీనియర్, ఒళ్ళు ఆ ఎత్తుకి అలవాటు పడాలట. తర్వాత ఆయన పెట్టిన రూల్ ఒక్కటే, మనలో అందరికంటే మెల్లగా నడిచేవాళ్ళు ముందుండాలి, వాళ్ళని ఎవరూ దాటకూడదు. అలా వియత్నాం అమ్మాయి ముందు, ఆమె వెనకాల మేం. జర్మనీ కుర్రాడు కాలేజీ ఫుట్‌బాల్ టీంలో ఆడేవాడు, అతనికి ఆ స్పీడ్ కష్టంగానే ఉంది, అయినా గీత దాటలేదు. ఆరో స్టేషన్ దాకా దారి హాయిగా ఉంటుంది, ఏడో స్టేషన్ నుంచి నల్లటి లావా బండలు, పక్కన గొలుసులు, చేతులు కూడా వాడి ఎక్కాలి. అలిపిరి మెట్లెక్కినవాళ్ళకి ఓపిక సరిపోతుంది గానీ ఇక్కడ మెట్లు సమానంగా ఉండవు, గాలి పల్చగా ఉంటుంది, నాలుగడుగులకే గుండె దడదడలాడుతుంది. చెక్క కర్ర కొనుక్కుంటే ప్రతి హట్ దగ్గర ఎర్రగా కాల్చిన ఇనుప ముద్ర దాని మీద వేస్తారు, చర్రుమని పొగ వస్తుంది, కాలిన చెక్క వాసన. జూనియర్ ఒక్క ముద్ర కూడా వదల్లేదు.

సాయంత్రానికి ఎనిమిదో స్టేషన్ హట్ చేరాం, సుమారు 3,100 మీటర్లు. స్లీపింగ్ బ్యాగులు వరసగా, భుజం భుజం తగిలేలా. అక్కడ వియత్నాం అమ్మాయికి తలనొప్పి మొదలైంది, కాసేపటికి వికారం. హట్ ఆవిడ ఒకటే చెప్పింది, వెంటనే పడుకోవద్దు, నిద్రలో ఊపిరి తగ్గిపోయి ఇంకా ఎక్కువవుతుంది, కూర్చుని నీళ్ళు తాగు, ఊపిరి పూర్తిగా వదిలి మళ్ళీ తీసుకో అని. గంటసేపు అందరం ఆమెతో పాటే కూర్చుని అలాగే చేశాం.

రాత్రి ఒంటిగంటకి హట్ మొత్తం లేచింది, అందరూ శిఖరం మీద సూర్యోదయం చూడ్డానికి. ఆ అమ్మాయి "మీరు వెళ్ళండి, నేను ఉంటా" అంది. సీనియర్ మమ్మల్ని బయటికి తీసుకెళ్ళి చూపించాడు, పైదాకా హెడ్‌ల్యాంప్‌ల వరస, కదలట్లేదు. యోషిదా దారి కొండకి తూర్పు వైపు తిరిగి ఉంటుంది, సూర్యోదయం హట్ ముందు నుంచి కూడా కనిపిస్తుంది, ఆ క్యూలో చలికి నిలబడ్డం ఎందుకు అన్నాడు. జూనియర్ "అన్నా, ఇంతదూరం వచ్చి ఇక్కడి నుంచా" అన్నాడు గానీ ఆ అమ్మాయి మొహం చూసి మళ్ళీ మాట్లాడలేదు. ఐదుగురం ఉండిపోయాం.

ఐదింటికి ముందు మేఘాల అంచు ఎర్రబడింది, కింద సరస్సు ఒక ముక్క తళుక్కుమంది, మా వెనక గోడంతా రాగి రంగు. ఆమెకి తలనొప్పి తగ్గింది, పులిహోర రుచి చూపిస్తే ఇంకాస్త పెట్టమంది. ఆ కబురు చెప్తే మా అమ్మ ఎంత సంబరపడిందో.

ఎండ వచ్చాక ఎక్కితే దారి దాదాపు ఖాళీ, రాత్రి వెళ్ళినవాళ్ళంతా వేరే దారిలో దిగుతున్నారు. మధ్యలో ఆగుతూ ఆగుతూ శిఖరం చేరాం, తోరీ, అంటే గుడి ముందుండే ద్వారం, దాని కింద నుంచి వెళ్తే కుసుషి గుడి. అక్కడి నుంచి అగ్నిపర్వతం నోటి చుట్టూ నడిస్తే, ఫుజినోమియా వైపు సీజన్‌లో మాత్రమే తెరిచే పోస్టాఫీసు ఉంది! చీకట్లో ఎక్కి వెంటనే దిగిపోయేవాళ్ళు ఇది చూడకుండానే పోతారు. తలా ఒక కార్డు రాసి ఇంటికి పోస్ట్ చేశాం, నా వేళ్ళు చలికి కొయ్యబారిపోయి అక్షరాలు వంకరపోయాయి. తర్వాత ఆ అంచులో అన్నిటికంటే ఎత్తైన చోటు, 3,776 మీటర్ల కెంగామినే, అక్కడికి చివరి ఏటవాలు కంకర మీద జారుతూ జారుతూ ఎక్కాలి.

దిగడం అసలు పరీక్ష. దిగే దారి వేరు, అంతా వదులు కంకర, దుమ్ము, మాస్క్ తప్పనిసరి, మధ్యలో హట్‌లు లేవు. ఎనిమిదో స్టేషన్ దగ్గర ఒక చీలిక వస్తుంది, పసుపు బోర్డు యోషిదా, ఎరుపు బోర్డు సుబాషిరి. అలసటలో ముందువాళ్ళ వెనకాలే పోతే కొండకి ఇంకో వైపు, వేరే జిల్లాలో తేలతారు, మీ బస్సు ఇటు ఉంటుంది. మేం అక్కడ ఆగి తలలు లెక్కపెట్టుకుని, బోర్డు చదువుకుని, మళ్ళీ ఆ అమ్మాయినే ముందు పెట్టి కదిలాం. జర్మనీ కుర్రాడికి మోకాలు పట్టేసింది, ఈసారి అతని బ్యాగు ఆ అమ్మాయి మోసింది. బస్సు ఎక్కీ ఎక్కగానే అందరం నిద్ర, షింజుకులో డ్రైవర్ వచ్చి లేపాడు.