నాలుగు కంపెనీల ఇంజన్లు, ఒకటే కంట్రోలర్

నా మోడల్ రైళ్ల లేఅవుట్ మీద కాటో, ఎథర్న్, బాక్‌మన్, రోకో ఇంజన్లు కలిసి తిరుగుతాయి. అన్నీ హెచ్‌ఓ సైజువే, అంటే అసలు రైలులో 87వ వంతు, పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. వీటన్నిటికీ కలిపి ఉన్నది ఒకటే కంట్రోలర్. వేరే కంపెనీ ఇంజన్ కొంటే దానికి మళ్లీ వేరే కంట్రోలర్ కొనాలేమో అని చాలామంది వెనకాడుతుంటారు, అక్కర్లేదు, డీసీసీ (డిజిటల్ కమాండ్ కంట్రోల్) పద్ధతిలో నడిచే ఇంజన్ అయితే ధైర్యంగా కొనుక్కోండి. ఇంజన్ కదలడం వరకు ఏ సమస్యా ఉండదు. కాకపోతే కంపెనీలు వేరైన రెండు ఇంజన్లను ఒకే రైలుకు తగిలించి సాఫీగా లాగించాలంటే మాత్రం కాస్త ఓపిగ్గా కూర్చోవాలి, ఈ హాబీ మొత్తంలో నాకు బాగా ఇష్టమైన పని కూడా అదే.

ఇదంతా డీసీసీ పుణ్యం. 1980ల్లో జర్మనీలోని లెంజ్ కంపెనీ తయారు చేసిన పద్ధతిని ఆధారంగా తీసుకుని, అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ 1990ల్లో దాన్ని అందరికీ ప్రమాణంగా చేసింది. పట్టాల్లో ఎప్పుడూ పూర్తి వోల్టేజీ ఉంటుంది, ప్లస్సు మైనస్సు చకచకా తారుమారవుతుంటాయి, సందేశమంతా ఆ మార్పుల మధ్య పట్టే సమయంలోనే ఉంటుంది: ప్లస్సు సగం, మైనస్సు సగం ఒక్కోటీ 58 మైక్రోసెకన్లయితే అది ఒకటి, 100 మైక్రోసెకన్లో అంతకు మించో అయితే సున్నా. ఇంజన్‌లోని డీకోడర్ అనే చిన్న సర్క్యూట్ ఆ సందేశంలో తన నంబరు ఉందేమో చూసుకుని, ఉంటేనే చెప్పినట్టు చేస్తుంది. ఆ సందేశాలు పంపే కమాండ్ స్టేషన్‌ను, అంటే కంట్రోలర్ పెట్టెను, ఎవరు తయారు చేశారన్నది దానికి అనవసరం.

కొత్త ఇంజన్ రాగానే నేను ముందు అడ్రస్ మారుస్తాను. దాదాపు అన్ని డీకోడర్లూ 3 అనే అడ్రస్‌తోనే వస్తాయి, అలాగే వదిలేస్తే త్రాటిల్ (వేగం పెంచే, తగ్గించే నాబ్) తిప్పగానే 3 ఉన్నవన్నీ ఒకేసారి బయల్దేరతాయి. ఇంజన్ పక్కన రాసి ఉన్న నాలుగంకెల నంబరునే అడ్రస్‌గా పెట్టేస్తే ఇక గుర్తుపెట్టుకునే పని ఉండదు. ఆ తర్వాత ప్రోగ్రామింగ్ ట్రాక్ (సెట్టింగుల కోసం విడిగా ఉంచిన పట్టాల ముక్క) మీద పెట్టి సీవీ 8 చదువుతాను. సీవీ అంటే డీకోడర్‌లో ఒక్కో సెట్టింగు దాచుకునే గడి, ఎనిమిదో గడిలో డీకోడర్ తయారీదారు సంఖ్య ఉంటుంది. 151 వస్తే ఈఎస్‌యూ, 145 అయితే జిమో, 141 అయితే సౌండ్‌ట్రాక్స్. పెట్టె మీద ఉన్న పేరు ఇంజన్ కంపెనీది, లోపల ఉన్న డీకోడర్ వేరే వాళ్లది కావచ్చు, మనకు ఏ మాన్యువల్ కావాలో ఈ సంఖ్యే చెబుతుంది. చదువుతున్నంతసేపూ ఇంజన్ ఉలిక్కిపడుతున్నట్టు చిన్నచిన్నగా అదురుతుంది, చెడిపోయిందని కంగారు పడకండి, డీకోడర్ క్షణంలో చిన్న వంతు సేపు మోటారుకు కరెంటు ఇచ్చి "అవును" అని జవాబిచ్చే తీరే అది.

సీవీ 29 కూడా చూడాలి. చాలా ఇంజన్లలో మామూలు డీసీ మీద కూడా నడిచే వెసులుబాటు ఆన్‌లో ఉంటుంది. లేఅవుట్ మొత్తం డీసీసీ అయినప్పుడు అది మనకు పనికిరాదు సరికదా, ఒక షార్ట్ అయి కరెంటు తిరిగొచ్చినప్పుడు డీకోడర్ పొరబడి ఇంజన్‌ను ఫుల్ స్పీడులో పరుగెత్తించే అవకాశం ఉంది. విలువ 38 ఉంటే 34 చేయండి, అంటే డీసీకి సంబంధించిన 4 తీసేయడం, అంతే.

ఇక వేగాలు కలపడం. త్రాటిల్ మీద రెండింటికీ 40 అనే కనిపిస్తుంది, కానీ ఒకటి నడుస్తుంటే రెండోది పరుగెడుతుంది. ప్రమాణంలో ఉన్నది వేగానికి ఎన్ని స్టెప్పులు, అంటే మెట్లు, అన్నదే. ఏ స్టెప్పుకు ఎంత వేగం రావాలన్నది మోటారు, గేర్లు, డీకోడర్ మధ్య తేలే విషయం. అలాంటి రెండింటిని కలిపి కడితే పొట్టి ఎద్దునూ పొడుగు ఎద్దునూ ఒకే కాడికి కట్టినట్టే, ఒకటి లాగుతుంటే ఒకటి ఈడ్చబడుతుంది, చక్రాలు జారతాయి, మలుపుల్లో మధ్య బోగీలు పట్టాలు తప్పుతాయి.

నేను ముందుగా రెండు ఇంజన్లనూ ఇరవై నిమిషాల పాటు, కాసేపు ముందుకీ కాసేపు వెనక్కీ ఉత్తినే తిప్పుతాను, మోటారు వేడెక్కాక వేగం మారుతుంది కాబట్టి చల్లగా ఉన్నప్పుడు తీసిన కొలత పనికిరాదు. తర్వాత రెండింటిలోనూ సీవీ 3, సీవీ 4 సున్నా చేస్తాను, లేకపోతే వేగం నెమ్మదిగా పెరగడం, తగ్గడం కొలతలో కలిసిపోతుంది. నిదానంగా నడిచేదాన్నే ఆధారంగా పెట్టుకోవాలి, ఎందుకంటే జోరుగా పోయేదాన్ని తగ్గించగలం గానీ నెమ్మదిదాన్ని దాని మోటారు శక్తికి మించి ఉరికించలేం. హెచ్‌ఓలో 2 మీటర్ల ముక్కను పదిన్నర సెకన్లలో దాటితే అసలు రైలు లెక్కలో గంటకు 60 కిలోమీటర్లు, స్టాప్‌వాచ్ ఉంటే చాలు. సీవీ 2 తో బయల్దేరే వేగం, సీవీ 5 తో గరిష్ఠ వేగం, సీవీ 6 తో మధ్య వేగం సరిచేస్తాను. మూడు బిందువులతో కుదరకపోతే సీవీ 67 నుంచి 94 దాకా 28 గడుల పట్టిక ఉంది. దాన్ని చేత్తో నింపడం నరకం, జేఎంఆర్‌ఐ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోని డీకోడర్‌ప్రోలో గ్రాఫ్‌ను పైకీ కిందికీ లాగుతూ చేసుకుంటే హాయి.

కొలతల కన్నా నేను ఎక్కువ నమ్మేది ఒక పరీక్షను. రెండింటినీ కలపకుండా ఒకే లూపులో జానెడు దూరంలో ఒకదాని వెనక ఒకటి పెట్టి ఒకే స్టెప్పులో వదలండి. రౌండు తిరిగొచ్చాక జానెడు కాస్త బెత్తెడైనా పరవాలేదు, వెనకది వచ్చి ముందుదాన్ని తాకితే మళ్లీ సీవీ 6 దగ్గరికి వెళ్లాల్సిందే. మధ్య వేగం దగ్గరే చాలా జతలు తేడా కొడతాయి, మనం రైళ్లు నడిపేదీ ఎక్కువగా ఆ వేగంలోనే కాబట్టి టైమంతా అక్కడే పెట్టండి, గరిష్ఠ వేగం కొంచెం అటూఇటూ అయినా కొంప మునగదు.

వేగాలు కుదిరాక జత కట్టడం చిటికెలో పని. సీవీ 19 లో రెండింటికీ ఒకే జత నంబరు, ఉదాహరణకు 12 పెట్టాలి, వెనక్కి తిరిగి ఉన్న ఇంజన్‌కు 128 కలిపి 140 పెట్టాలి. లైట్లు, హారన్ జత నంబరుకు పలకాలా వద్దా అన్నది సీవీ 21, 22 లలో ఉంటుంది. ముందు ఇంజన్‌కు మాత్రమే ఇస్తే రైలు మధ్యలో హెడ్‌లైట్ వెలిగే చికాకు తప్పుతుంది.

అన్నీ ఇంత సులువుగా కలవవు. మార్క్‌లిన్ వాళ్ల మూడు పట్టాల ఇంజన్లలో ఎడమ కుడి చక్రాల మధ్య ఇన్సులేషన్ ఉండదు, రెండు పట్టాల లేఅవుట్ మీద పెట్టామంటే షార్టే. హెచ్‌ఓ కన్నా పెద్దదైన ఓ గేజ్ సైజులో లయనెల్ టీఎమ్‌సీసీ, ఎమ్‌టీహెచ్ డీసీఎస్ రెండూ వేర్వేరు పద్ధతులు, అయినా ఎమ్‌టీహెచ్ టీఐయూ పెట్టెకూ లయనెల్ కమాండ్ బేస్‌కూ మధ్య ఒక కేబుల్ వేస్తే డీసీఎస్ రిమోట్ నుంచే టీఎమ్‌సీసీ ఇంజన్లను కూడా నడపొచ్చు.

డీసీసీలో కంపెనీ చూసి కొనాల్సిన వస్తువు ఒకటుంది, అది చేతిలో పట్టుకునే త్రాటిల్. కమాండ్ స్టేషన్‌కూ త్రాటిల్‌కూ మధ్య వైరు ఉమ్మడి ప్రమాణంలో లేదు, డిజిట్రాక్స్‌ది లోకోనెట్, లెంజ్‌ది ఎక్స్‌ప్రెస్‌నెట్, ఒకదాని త్రాటిల్ నేరుగా రెండోదానికి తగిలించలేం. దీనికీ నేను జేఎంఆర్‌ఐనే వాడతాను, అందులోని వైత్రాటిల్ సర్వర్ ఆన్ చేస్తే వైఫైలో ఉన్న ఏ ఫోనైనా త్రాటిల్ అయిపోతుంది, ఆండ్రాయిడ్‌లో ఇంజన్ డ్రైవర్ యాప్ ఉచితం. స్నేహితులు వచ్చినప్పుడు ఎవరి ఫోన్‌లో వాళ్లు ఒక్కో ఇంజన్ తీసుకుంటారు, మెయిన్ లైను మీద ఎవరు ముందు వెళ్లాలన్న గొడవ మాత్రం సాఫ్ట్‌వేర్ తీర్చదు, దానికి నేను గోడ మీద ఒక టైంటేబుల్ అంటించి పెట్టాను.