పిడికెడు బియ్యం, కోతల పండుగ వేలం

మా శ్రీకాకుళం జిల్లా క్రైస్తవ సంఘాల్లో కానుకల మీద ప్రసంగమంటే బైబిలులోని మలాకీ గ్రంథం మూడో అధ్యాయం తప్పదు. పదోవంతు ఇస్తే ఆకాశపు వాకిళ్లు తెరుచుకుంటాయని విన్నవారిలో కొందరు ఇచ్చిన మర్నాటి నుంచే రాబడికి ఎదురుచూస్తారు. అది విశ్వాసం కన్నా వడ్డీ వ్యాపారానికే దగ్గరని నా అభిప్రాయం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు, ఆ ఉద్దానం ప్రాంతంలో దశమభాగం తప్పక చెల్లించినవారి కొబ్బరి చెట్లూ, రూపాయి ఇవ్వనివారి జీడితోటలూ కలిసే నేలకొరిగాయి. ఇచ్చినదానికి రాబడి ఖాయమనే లెక్క ప్రకారం దేవుడు ఎందరికో బాకీ పడ్డట్టే.

కొరింథీయులకు రాసిన రెండో పత్రిక ఎనిమిదో అధ్యాయంలో తొలి క్రైస్తవ బోధకుడు పౌలు వేరే లెక్క చెబుతాడు. యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం చందా పోగుచేస్తూ, నిరుపేదలైన మాసిదోనియ సంఘాలు శక్తికి మించి ఇచ్చాయని మెచ్చుకున్న ఆయన, ఒకరి సమృద్ధి మరొకరి కొరతను తీర్చి సమానత రావాలన్నాడు. అందుకు అరణ్యంలో ఇశ్రాయేలీయులకు ఆహారంగా ఆకాశం నుంచి కురిసిన మన్నాను ఉదాహరణగా చూపాడు. ఎక్కువ కూర్చుకున్నవారికి మిగల్లేదు, తక్కువ కూర్చుకున్నవారికి తక్కువ కాలేదు. సమృద్ధిగా విత్తితే సమృద్ధిగా కోస్తారని తర్వాతి అధ్యాయంలో ఉన్న మాట నిజమే, కానీ ఆ పంట మరింత ఔదార్యం చూపడానికేనని ఆయనే అక్కడ వివరించాడు.

దాచుకోవడమే అవిశ్వాసమని నేననను. యోసేపు ఏడేళ్లపాటు పంటలో ఐదోవంతు నిల్వచేయించబట్టే ఐగుప్తు (ఈజిప్టు) కరువును తట్టుకుంది. లూకా సువార్తలో యేసు చెప్పిన ఉపమానంలోని ధనవంతుడు మాత్రం కొట్లు పెంచాలనుకున్నది తన ఒక్కడి సుఖానికే.

సంఘంలో కోతల పండుగనాడు కానుకగా వచ్చిన గుమ్మడికాయను వేలంలో ఎక్కువ ధరకు పాడుకున్నవారి పేరు మైకులో వినిపిస్తుంది. అందులో సరదా ఉంది, కాదనను. కానీ వంటకు ఎసరు పెట్టినప్పుడల్లా పిడికెడు బియ్యం వేరుగా తీసి ఆదివారం గుడికి తెచ్చే స్త్రీల పేర్లు ఎవరూ చదవరు. రేపటి బియ్యం ఎక్కడి నుంచి వస్తాయో తెలియని ఇంట్లో ఆ పిడికెడు తీయడానికి కావలసిన నమ్మకం వేలం పాటకు అవసరం లేదు.

అలాంటి బియ్యం అమ్మిన సొమ్ముకు లెక్క మరీ గట్టిగా ఉండాలి. తన చేతిలోని చందా విషయంలో ఎవరూ నింద మోపకుండా, పౌలు తన సహచరుడు తీతుతోపాటు సంఘాలు ఎన్నుకున్న సహోదరుణ్ణి పంపాడు. పద్దు చదివి వినిపించమంటే పాస్టరు అయ్యగారిని అనుమానించినట్టని నొచ్చుకునే పెద్దలకు ఆ ఎనిమిదో అధ్యాయంలోని 20, 21 వచనాలు చూపించవచ్చు.