లక్కపిడతల అంగడి: ఐదో నెల దాకా లెక్కలు

ఏటికొప్పాక లక్కబొమ్మల్ని ఆన్‌లైన్‌లో అమ్మిపెట్టే వ్యాపకం మొదలుపెట్టి ఐదు నెలలైంది. నాకు బొమ్మ చెయ్యడం రాదు. చేసే బాబాయ్ అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డున ఆ ఊళ్లోనే ఉంటారు. నేను విశాఖలో ట్యూషన్లు చెప్పుకుంటాను. సాయంత్రాలు, ఆదివారాలు ఈ పని. చిన్నప్పుడు ఆడుకున్న లక్కపిడతలు ఇప్పటి పిల్లల చేతుల్లో కనిపించడం లేదన్న బెంగతో మొదలుపెట్టాను. ఆర్డర్లు తెచ్చుకోవడం అనుకున్నంత కష్టం కాలేదు. సరుకు, డబ్బు సమయానికి చేతులు మారేలా చూడటమే అసలు పని. ఇలాంటిది మొదలుపెట్టే వాళ్లకి పనికొస్తుందని నా నోట్‌బుక్‌లోవి ఇక్కడ రాస్తున్నాను.

2025 అక్టోబర్

జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకుండానే ఒక మార్కెట్‌ప్లేస్ సైటులో చేరాను. 2023 అక్టోబర్ 1 నుంచి చిన్న అమ్మకందార్లకి ఆ వెసులుబాటు ఉంది. జీఎస్టీ పోర్టల్‌లో పాన్‌తో ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుంటే చాలు. అయితే సొంత రాష్ట్రం లోపలే అమ్మాలి. విజయవాడకి పంపగలను, హైదరాబాద్‌కి పంపలేను. మొదటి రెండు వారాల్లోనే నలుగురు హైదరాబాద్ వాళ్లు అడిగారు. నెలాఖరుకి రిజిస్ట్రేషన్‌కి అప్లై చేశాను. మన బొమ్మలు కొనేవాళ్లు రెండు రాష్ట్రాల్లోనూ ఉంటారు కాబట్టి ఆ పని మొదట్లోనే చేసుకోవడం మేలు.

బొమ్మలకి బీఐఎస్ ముద్ర, అంటే ప్రభుత్వ నాణ్యతా ముద్ర, తప్పనిసరి కదా అని ఒకరు భయపెట్టారు. 2021 జనవరి నుంచి ఆ నిబంధన ఉన్న మాట నిజమే. కానీ హస్తకళల్ని చూసే కేంద్ర ప్రభుత్వ కార్యాలయం (డెవలప్‌మెంట్ కమిషనర్, హ్యాండీక్రాఫ్ట్స్) దగ్గర నమోదైన కళాకారులు చేసి అమ్మే బొమ్మలకి మినహాయింపు ఉంది. బాబాయ్ దగ్గర ఆ కార్డు ఉంది. ఫొటో తీసి ఫోన్‌లో దాచుకున్నాను.

28న మొంథా తుపాను తీరం దాటింది. అటూ ఇటూ కరెంటు లేక బాబాయ్ లేతు, అంటే కర్ర తిప్పే యంత్రం, మూడు రోజులు ఆగిపోయింది. ఆరు ఆర్డర్లు ఆలస్యమయ్యాయి. సైటుకి తుపానుతో పని లేదు, దానికి కావలసింది డిస్పాచ్ తేదీ. ప్యాకింగ్ గడువు రెండు రోజులని పెట్టుకున్నదాన్ని ఆ రోజే ఐదు రోజులకి మార్చాను. ఆర్డర్లు కాస్త తగ్గాయి కానీ రాత్రి నిద్ర పడుతోంది.

నవంబర్

రిజిస్ట్రేషన్ వచ్చింది. దాని మీద వచ్చిన మొదటి సెటిల్‌మెంట్ (సైటు తన కోతలు పోను ఇచ్చే డబ్బు లెక్క) చూసి చాలాసేపు కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నాను. లక్కపిడతల సెట్టు ఒకటి 640 రూపాయలకి అమ్మాను. కమీషన్, ఇతర ఫీజులు 96, షిప్పింగ్ 74, ఈ రెండింటి మీద 18 శాతం జీఎస్టీ 30 రూపాయల 60 పైసలు. సైటు ముందే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను టీసీఎస్ అర శాతం, అంటే 3 రూపాయల చిల్లర. నా ఖాతాలో పడింది 436. బాబాయ్‌కి 380 ఇచ్చాను. అట్టపెట్టె, కాగితం, టేపు 22. మిగిలింది 34. అమ్మకం మీద నేను కట్టాల్సిన జీఎస్టీ, ఫీజుల మీద నా దగ్గర తీసుకున్న జీఎస్టీకి దాదాపు చెల్లయిపోయింది కాబట్టి ఆ 34 దక్కింది.

షిప్పింగ్ 74 ఎందుకైందంటే, పెట్టె పెద్దది. కొరియర్ వాళ్లు అసలు బరువు, పెట్టె కొలతల బరువు రెండూ చూసి ఎక్కువున్న దానికి డబ్బు తీసుకుంటారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే కొలతల బరువు కిలోల్లో వస్తుంది. నా పెట్టె 25, 20, 12. అంటే 1.2 కిలోలు. లోపల బొమ్మలు అరకిలో కూడా లేవు. గిన్నెల్ని ఒకదాంట్లో ఒకటి పెట్టి, మధ్యలో పాత న్యూస్‌పేపరు చుట్టి, 20, 15, 10 పెట్టెలోకి దించాను. 600 గ్రాములకి వచ్చింది, షిప్పింగ్ 52 అయింది.

ఈ డబ్బు ఎప్పుడొచ్చిందన్నది ఇంకా ముఖ్యం. ఆర్డరు 3న వచ్చింది, పెట్టె 6న వెళ్లింది, 10న చేరింది. రిటర్న్ గడువు దాటాక 19న డబ్బు పడింది. పదహారు రోజులు. బాబాయ్ లక్క, రంగులు, కర్ర ముందే డబ్బు పెట్టి కొంటారు. సైటు నాకిచ్చేదాకా ఆయన్ని ఆగమనడం నాకు నచ్చలేదు. అందుకని 18,000 పక్కన పెట్టాను. సరుకు తీసుకున్న రోజే ఆయనకి పూర్తి డబ్బు ఇస్తాను, సైటు నుంచి వచ్చింది ఆ 18,000లో తిరిగి కలుపుతాను. ఆ మొత్తం తరిగిపోతే కొత్త సరుకు తేను. ఈ ఒక్క విషయంలో మార్పు ఉండకూడదని అనుకున్నాను.

డిసెంబర్

వాట్సాప్‌లో నేరుగా కొనేవాళ్లు మొదలయ్యారు. ఒకావిడ 1,280 పంపానని స్క్రీన్‌షాట్ పెట్టారు, నా ఖాతాలో పడలేదు. ఆవిడ ఖాతాలో కట్ అయింది. ఇద్దరం టెన్షన్ పడ్డాం. రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబర్ నిబంధన ప్రకారం, వ్యాపారికి చేసిన యూపీఐ చెల్లింపు అలా మధ్యలో ఆగితే లావాదేవీ జరిగిన రోజు తర్వాత ఐదు రోజుల్లోగా కొనేవాళ్లకి దానంతటదే వెనక్కి రావాలి. దాటితే రోజుకి 100 రూపాయలు పరిహారం. నాలుగో రోజు ఆవిడకి వచ్చేసింది, మళ్లీ పంపారు. అప్పటి నుంచి స్క్రీన్‌షాట్ చూసి పెట్టె కట్టను. ప్రతి చెల్లింపుకీ విడిగా ఉండే యూటీఆర్ నంబరు తీసుకుని, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ పన్నెండు అంకెలూ కనిపించాకే పంపుతాను. ఎదుటివాళ్ల మీద అనుమానంతో కాదు, అందుకే ఆ మాట ముందే మర్యాదగా రాసి పంపుతున్నాను.

2026 జనవరి

ఈ నెల గురించి ఎక్కువ రాయాలి.

సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టేవాళ్ల కోసం లక్కపిడతలు, ఎడ్లబండ్లు పెట్టాను. ఫోన్‌లో అడిగితే బాబాయ్ "ఇరవై సెట్లున్నాయమ్మా" అన్నారు. సైటులో ఇరవై అని పెట్టాను. ఆయన చెప్పింది నిజమే, బల్ల మీద ఇరవై ఉన్నాయి. కాకపోతే అదే ఇరవైని ఇంకో ఇద్దరికీ చెప్పారు. ముగ్గురం మూడు చోట్ల ఇరవై అని పెట్టాం. 3వ తేదీకి నా దగ్గర పదిహేడు ఆర్డర్లు. మిగతా ఇద్దరూ పదకొండు పట్టుకెళ్లారు. ఉన్నవి తొమ్మిది.

ఆదివారం తెల్లవారుజామున బస్సెక్కి వెళ్లాను. బాబాయ్, పిన్ని అప్పటికే లేతు దగ్గర కూర్చున్నారు. తిరుగుతున్న చిన్న గిన్నెకి లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పడుతుంది. పసుపు రంగు ఒక గీతగా మొదలై చూస్తుండగానే గిన్నె అంతా కమ్ముకుంది. తర్వాత మొగలి ఆకు అదిమి పట్టారు, మెరుపొచ్చింది. ఒక్క గిన్నెకి ఇంత పని ఉంటే, నేను సైటులో ఇరవై అని ఒక్క క్షణంలో కొట్టేశాను.

ఆరిన అంకుడు కర్ర ఐదు సెట్లకే ఉంది. పచ్చి కర్ర మీద చెయ్యనన్నారు. "పగిలిపోద్దమ్మా, పిల్లలాడేది" అన్నారు. నేను బలవంతపెట్టలేదు. పద్నాలుగు పంపాను, మూడు క్యాన్సిల్ చేశాను. మూడింటికీ జరిమానా పడింది, రేటింగు తగ్గి నా బొమ్మలు వెతుకులాటలో కిందకి పోయాయి. అంతకంటే బాధ, భోగికి అందుతాయనుకున్న మూడు ఇళ్లకి అందకపోవడం. ముగ్గురికీ విడివిడిగా క్షమాపణ రాశాను. ఒకరు, ఫిబ్రవరిలో అయినా ఇవ్వండి అని జవాబు రాశారు.

ఇప్పుడు పద్ధతి మార్చాను. ఫోన్‌లో చెప్పిన సంఖ్య సైటులో పెట్టను. డబ్బిచ్చి తెచ్చుకుని, మా ఇంటి వెనక గదిలో రాక్ మీద పెట్టినవే లెక్క. అందులో రెండు సెట్లు చూపించకుండా ఉంచుతాను. విరిగితే, తప్పు రంగు వెళ్తే మార్చడానికి. పెద్ద ఆర్డరు వస్తే సగం అడ్వాన్సు ఇచ్చి, తేదీ ఆయన నోటి నుంచే చెప్పించుకుంటాను.

ఫిబ్రవరి

క్యాష్ ఆన్ డెలివరీ ఆపేశాను. నెలన్నరలో తొమ్మిది పంపితే మూడు తీసుకోకుండా తిప్పిపంపారు. ఒకటి పదిహేడు రోజులు తిరిగి వచ్చింది. గిన్నె మూత విరిగి, పెట్టె మూల నలిగి ఉంది. అలా ఒకటి వెనక్కొస్తే రానూపోనూ షిప్పింగ్‌కే కొన్ని అమ్మకాల మిగులు పోతుంది.

బాబాయ్‌కి ఇంకో ఆన్‌లైన్ దుకాణం నుంచి 11,400 రావాలి. నవంబర్ సరుకు. అడిగితే "కస్టమర్ రిటర్న్‌లు తేలాక" అంటున్నారట. కొనేవాళ్ల రిటర్న్‌లు దుకాణం చూసుకోవాలి, చేసినాయన నెత్తిన పెట్టడం అన్యాయం. చిన్న పరిశ్రమల కోసం చేసిన ఎంఎస్ఎంఈడీ చట్టం, 2006 ప్రకారం చిన్న తయారీదారుకి డబ్బు ఇవ్వడం, రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజులు. ఆయనకి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) రెండేళ్ల కిందటే అయింది, ఉచితంగా అయ్యేదే. డెలివరీ చలాన్లు రెండు దొరికాయి, మూడోది వాట్సాప్‌లో ఫొటోగా ఉంది. ముందు లెటర్ రాసి రిజిస్టర్డ్ ఈమెయిల్‌కి పంపాం. జవాబు రాకపోతే ఫిర్యాదు పెట్టడానికి కాగితాలన్నీ ఒక కవర్లో సర్దాను.

విరిగిన మూత నిన్న బాబాయ్ దగ్గరికి పట్టుకెళ్లాను. కొత్తది తిప్పి, పాత గిన్నె రంగుకి సరిపోయేదాకా రెండుసార్లు లక్క పట్టించారు. ఫిబ్రవరిలో అయినా ఇవ్వండి అన్నావిడకి కొత్త సెట్టు ఈ ఉదయం పంపాను. రాక్ మీద ఇప్పుడు పదకొండు ఉన్నాయి. సైటులో తొమ్మిది.