పాత ట్రాన్స్‌క్రిప్ట్ వెంటే వస్తుంది

అమెరికాలో డిగ్రీ మొదలుపెట్టిన ఏడాదిన్నరకు, అంటే మూడు సెమిస్టర్లు ముగిసేసరికి, నా ట్రాన్స్‌క్రిప్ట్‌లో, అంటే అధికారిక గ్రేడ్ల పత్రంలో, 36 క్రెడిట్లు, 4కు 2.1 జీపీఏ (గ్రేడ్ల సగటు) ఉన్నాయి. 2.0 కంటే దిగితే ప్రొబేషన్, అంటే చదువు మెరుగుపడాలన్న అధికారిక హెచ్చరిక, తప్పదు కనుక, అంచు మీద నిలబడ్డానన్న మాట. చివరి పరీక్షకు ముందు నాలుగు రాత్రులు మేలుకొంటే గట్టెక్కవచ్చన్న నా పాత నమ్మకం, ప్రతి వారం హోంవర్కుకూ క్విజ్‌కూ మార్కులు కలిపే చోట పనికిరాలేదు.

వేరే చోటికి మారాలనుకున్నప్పుడు ఒక కన్సల్టెన్సీ వారు, పాత చదువు సంగతి ఎత్తకుండా కొత్త విద్యార్థిగా దరఖాస్తు చేయమన్నారు. కానీ ఇంతకు ముందు చేరిన ప్రతి కళాశాల పేరూ రాసి, అంతా నిజమేనని దరఖాస్తులో ధ్రువీకరించాలి. పైగా ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద వచ్చినవాడు ఎక్కడ చదివాడో, విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ డేటాబేస్ సెవిస్‌లోని రికార్డులోనే ఉంటుంది. దాచిన విషయం బయటపడితే వచ్చిన సీటు కూడా రద్దవుతుంది. ఇలాంటి సలహాకు డబ్బు తీసుకోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

నేను కాలిఫోర్నియాలోని ఒక కమ్యూనిటీ కాలేజీలో, అంటే డిగ్రీ మొదటి రెండేళ్ల కోర్సులు చదివి విశ్వవిద్యాలయానికి మారే వీలున్న కళాశాలలో, చేరాను. అక్కడ చేరితే పాత జీపీఏ చెరిగిపోతుందని చాలామంది అనుకుంటారు. కొత్త కళాశాల ట్రాన్స్‌క్రిప్ట్ కొత్తగా మొదలయ్యే మాట నిజమే కానీ, నేను ఆ తర్వాత మారాలనుకున్న యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా మాత్రం తాను అంగీకరించే కోర్సులన్నిటినీ, అవి ఏ కళాశాలలో చదివినా, కలిపే లెక్కిస్తుంది. ఆ రాష్ట్ర నివాసులకు ట్రాన్స్‌ఫర్ కనీస జీపీఏ 2.4 అయితే, మనలాంటి వారికి 2.8. అది దరఖాస్తుకు అర్హత మాత్రమే. సీటుకు హామీ కాదు.

కాగితం మీద లెక్క వేసుకున్నాను. 36 క్రెడిట్లను 2.1తో గుణిస్తే 75.6 పాయింట్లు. ఇంకో 30 క్రెడిట్లు 3.8తో పూర్తి చేస్తే 114 చేరతాయి, మొత్తం 189.6ను 66తో భాగిస్తే 2.87. మూడు క్రెడిట్ల కోర్సులు పది తీసుకుంటే ఎనిమిదింటిలో ఎ (4 పాయింట్లు), రెండింటిలో బి (3 పాయింట్లు) రావాలి. జీవితంలో మొదటిసారి నాకు ఎన్ని మార్కులు కావాలో ముందే తెలిసి తరగతికి వెళ్లాను.

ఈ లెక్క చూసి, కష్టమైన కోర్సును మధ్యలో వదిలేస్తే జీపీఏ నిలుస్తుంది కదా అనిపిస్తుంది. అయితే కళాశాలలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి, అంటే డీఎస్ఓ, అనుమతి లేకుండా సెమిస్టర్‌కు 12 క్రెడిట్ల కంటే తగ్గితే ఎఫ్-1 స్టేటస్ పోతుంది. తక్కువ గ్రేడు వచ్చినంత మాత్రాన అది పోదు. చదువు అందక ఇబ్బంది పడుతున్న కొత్త విద్యార్థికి, ముందే అడిగితే, ఒకసారి లోడ్ తగ్గించే వీలుంది. నేను అడగలేదు, అసలు అలాంటిది ఉందనే తెలియదు. కమ్యూనిటీ కాలేజీలో ఇంకో చిక్కు: ఆన్‌లైన్ తరగతులు విరివిగా దొరుకుతాయి కానీ, పూర్తికాల చదువు లెక్కలోకి సెమిస్టర్‌కు ఒక ఆన్‌లైన్ కోర్సు మాత్రమే, అదీ 3 క్రెడిట్లకు మించకుండా, వస్తుంది.

మారడం పెద్ద తతంగం కాలేదు. కొత్త కాలేజీ ప్రవేశ పత్రం చూపిస్తే, పాత చోటి డీఎస్ఓ ఒక తేదీ నిర్ణయించి సెవిస్ రికార్డును విడుదల చేశారు. ఆ తేదీ దాటాక కొత్త కాలేజీ నుంచి ఐ-20, అంటే ఎఫ్-1 విద్యార్థికి కళాశాల ఇచ్చే అర్హత పత్రం, వచ్చింది.

కోర్సుల ఎంపికలో మాత్రం తొందరపడలేదు. కమ్యూనిటీ కాలేజీలోని ఏ కోర్సు యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా ఏ క్యాంపస్‌లో దేనికి సమానమో చూపించే అసిస్ట్ అనే వెబ్‌సైటును ముందు పెట్టుకొని, ఎకనామిక్స్‌కు పనికొచ్చేవే ఎంచుకున్నాను. కొన్ని క్యాంపస్‌లకు ముందస్తు హామీ ఇచ్చే టాగ్ పథకం ఉన్నా, దానికి కావలసిన జీపీఏ నాకు లేదు. నవంబరులో దరఖాస్తు పంపేనాటికి మొత్తం జీపీఏ ఇంకా 2.7కు కాస్త దిగువనే ఉంది. జనవరిలో శరదృతువు సెమిస్టర్ గ్రేడ్లను చేర్చే అవకాశం ఇస్తారు, 2.87 అప్పుడు కనిపించింది.

దరఖాస్తులో పాత మూడు సెమిస్టర్ల గురించి నాలుగే వాక్యాలు రాశాను: ఏం జరిగింది, ఏం మార్చుకున్నాను. అనారోగ్యమో ఇంటి సమస్యో కారణంగా చూపమన్నవారు ఉన్నారు కానీ, నాకు అవేవీ లేవు.

ఏప్రిల్‌లో యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా రివర్‌సైడ్ క్యాంపస్ నుంచి షరతులతో కూడిన ప్రవేశం వచ్చింది. చదివిన అన్ని కళాశాలల నుంచీ తుది ట్రాన్స్‌క్రిప్టులు పంపాలన్నది వాటిలో ఒకటి. పాత విశ్వవిద్యాలయం వెబ్‌సైటులో లాగిన్ అయ్యి, ఆ 2.1ను మళ్లీ ఒకసారి చూసి, పంపమని బటన్ నొక్కాను.