విలియమ్స్‌ను ఎందుకు చంపారు?

చాలా ఏళ్ల తరువాత నిన్న రాత్రి 1973 నాటి ‘ఎంటర్ ద డ్రాగన్’ చిత్రాన్ని మళ్లీ చూశాను. చిన్నతనంలో బ్రూస్ లీ తప్ప మరెవరూ కంటికి ఆనని నాకు, ఈసారి చూపంతా విలియమ్స్ పాత్ర ధరించిన జిమ్ కెల్లీ మీదనే నిలిచింది. స్వయంగా కరాటే ఛాంపియన్ అయిన ఆ నల్లజాతి నటుడు, హాంకాంగ్ రేవులో పడవ మీద పోతూ నీటిపై బతుకుతున్న పేదలను చూసి, మురికివాడలు లోకమంతటా ఒకే తీరుగా ఉంటాయని అనే సన్నివేశం అప్పట్లో నాకు గుర్తుండనే లేదు. అంత సూటిగా మాట్లాడిన అతణ్ణి కథ మధ్యలోనే ప్రతినాయకుడు హాన్ చేతిలో చంపించి, తెల్లవాడైన రోపర్‌ను మాత్రం చివరిదాకా బతికించారు. హాంకాంగ్ చిత్రాలలో అప్పటికే కథానాయికగా పోరాడిన ఏంజెలా మావోకు ఇక్కడ దక్కినవి కొన్ని నిమిషాలే. ఆమె పేరు కూడా (సిగ్గుతోనే చెబుతున్నాను) నేను నిన్ననే తెలుసుకున్నాను.