క్రౌన్ ఈథర్‌తో బెంజైల్ అసిటేట్: నా అనుభవం

బెంజైల్ బ్రోమైడ్‌లోని బ్రోమిన్ స్థానంలో అసిటేట్‌ను చేర్చి బెంజైల్ అసిటేట్ చేయాలనుకున్నాను. చిక్కేంటంటే, పొటాషియం అసిటేట్ అసిటోనైట్రైల్ అనే ద్రావణిలో దాదాపు కరగదు. బెంజైల్ బ్రోమైడ్ కలిపి మామూలు వేడిలో ఎంతసేపు తిప్పినా చర్య నత్తనడకే. చిటికెడు 18-క్రౌన్-6 అనే క్రౌన్ ఈథర్ పడగానే కథ మారుతుంది. దాని ఆరు ఆక్సిజన్ల వలయంలో పొటాషియం అయాన్ చక్కగా ఇమిడిపోతుంది, దాని వెంట అసిటేట్ కూడా ద్రావణంలోకి దిగుతుంది. చుట్టూ నీళ్ల తొడుగు లేని అసిటేట్ చాలా చురుకైనది. 1967లో రసాయన శాస్త్రవేత్త పెడర్సన్ ప్రకటించిన ఈ వలయాల అసలు సత్తా ఇదే.

నా కొలతలు: బెంజైల్ బ్రోమైడ్ 1.71 గ్రా. (10 మిల్లీమోల్), పొటాషియం అసిటేట్ 1.47 గ్రా. (15 మిల్లీమోల్), 18-క్రౌన్-6 0.13 గ్రా. (0.5 మిల్లీమోల్), తేమ లేని అసిటోనైట్రైల్ 20 మి.లీ. బెంజైల్ బ్రోమైడ్ కళ్లను మండించేస్తుంది, సీసా మూత తీసేది ఫ్యూమ్ హుడ్‌లోనే (ఆవిర్లను బయటకు లాగేసే గూడు). క్రౌన్ ఈథర్ కూడా విషపదార్థమే, గ్లౌజులు లేకుండా ముట్టుకోను.

మొదటిసారి అసిటేట్‌ను సీసాలోంచి తీసి నేరుగా వేశాను. మర్నాటికీ టీఎల్‌సీలో (పదార్థాలను ప్లేటు మీద చుక్కలుగా విడదీసి చూపే పరీక్ష) బెంజైల్ బ్రోమైడ్ చుక్క మిగిలే ఉంది. పొటాషియం అసిటేట్ గాలిలోని తేమను ఇట్టే పీల్చుకుంటుంది, ఆ నీళ్లు అసిటేట్‌ను చుట్టేసి దాని చురుకు చంపేస్తాయి. రెండోసారి మెత్తగా నూరి, 120 డిగ్రీల దగ్గర వాక్యూమ్‌లో రాత్రంతా ఆరబెట్టాను. కొన్ని గంటల్లోనే పని అయిపోయింది. ఘనపదార్థం అడుగున పేరుకోకుండా గట్టిగా తిప్పాలి, చర్యకు సరుకు అందేది ఆ రేణువుల పైపొర నుంచే. పొటాషియం అసిటేట్ లేదని సోడియం లవణం వేస్తే ఇదే వలయం అంత బాగా పనిచేయదు, సోడియానికి 15-క్రౌన్-5 నప్పుతుంది.

క్రౌన్ ఈథర్ కూడా తేమ పీలుస్తుంది. అనుమానం వస్తే వేడి అసిటోనైట్రైల్‌లో కరిగించి చల్లారుస్తాను. రెండూ జతకట్టిన స్ఫటికాలు దిగుతాయి, వాటిని వాక్యూమ్‌లో పెడితే అసిటోనైట్రైల్ ఎగిరిపోయి శుద్ధమైన క్రౌన్ మిగులుతుంది. అది 40 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కాబట్టి ఎక్కువ వేడి చూపించకూడదు.

అసలు చిక్కు చివర్లో వచ్చింది. పొటాషియం బ్రోమైడ్‌ను వడగట్టి, ద్రావణిని ఆవిరి చేసి, మిగిలినదాన్ని డైక్లోరోమీథేన్‌లోకి తీసి నీళ్లతో కడిగాను. ప్రోటాన్ ఎన్‌ఎంఆర్‌లో (అణువులోని హైడ్రోజన్లను గీతలుగా చూపే పరీక్ష) 5.1 పీపీఎం దగ్గర సీహెచ్2, 2.1 దగ్గర అసిటైల్ మిథైల్ సరిగ్గానే ఉన్నాయి కానీ, 3.67 దగ్గర పదునైన ఒంటి గీత. అది క్రౌన్‌ది. ఒక్క అణువులో 24 ప్రోటాన్లు ఒకేచోట పలుకుతాయి కాబట్టి కొంచెం మిగిలినా పెద్దగా కనిపిస్తుంది. యూవీ దీపం కింద మాత్రం కనపడదు, టీఎల్‌సీ ప్లేటును అయోడిన్ ఆవిరిలో పెట్టాలి. డైక్లోరోమీథేన్ లాంటి క్లోరిన్ ఉన్న ద్రావణులంటే క్రౌన్‌కు మక్కువ, వాటిని వదిలి నీళ్లలోకి సులువుగా రాదు. డైఈథైల్ ఈథర్‌లోకి మార్చి, పొటాషియం క్లోరైడ్ ద్రావణంతో మూడుసార్లు కడిగి, పొట్టి సిలికా పొర మీదుగా 9:1 హెక్సేన్-ఈథైల్ అసిటేట్‌తో దింపాక ఆ గీత పోయింది.