అమ్మ పేరు లేని పెన్షన్ పాలసీ

నాన్న జగ్గయ్యపేట దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో 29 ఏళ్ళు పనిచేసి, 58 నిండగానే రిటైరయ్యారు. పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి 50 లక్షలు చేతికొచ్చాయి. అంత డబ్బు మా ఇంట్లో ఎవరూ ఒకేసారి చూసింది లేదు, దాంతో ఆ నెలంతా అందరికీ టెన్షనే. పీఎఫ్‌తోపాటు ఉద్యోగులకి వచ్చే ఈపీఎస్ పెన్షన్ నెలకి నాలుగు వేల చిల్లర. జీతం ఎంతున్నా లెక్క 15 వేల పరిమితి మీదే కడతారు, 2014 సెప్టెంబరుకి ముందు చేసిన సర్వీసుకైతే 6,500 మీదే, అందుకే అంతకు మించి రాదు. ధరలు పెరిగాయని అది పెరగదు కూడా.

అప్పుడొచ్చారు మా ఏజెంటు మావయ్య, నాన్నకి వరసకి బావమరిది. 40 లక్షలు ఒక్కసారి కట్టేస్తే బతికున్నంత కాలం నెలకి 21,600 వస్తుంది, పోయాక ఆ 40 లక్షలూ నామినీకి తిరిగొస్తాయి అన్నారు. నాన్నకి బాగా నచ్చింది. ఆయన మనసులో ఉన్నది రెండో మాటే, పిల్లలకి అసలు చెక్కుచెదరకుండా మిగలాలని.

కొటేషన్ కాగితం డైనింగ్ టేబుల్ మీద రెండు రోజులు ఉప్పు డబ్బా కింద పెట్టి ఉంది. మూడో రోజు రాత్రి అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, తలెత్తకుండానే అడిగింది: "ఆయన లేకపోతే నాకు నెలకెంతొస్తుంది?"

కాగితం మళ్ళీ తీసి చూశాను. ఏమీ రాదు. పాలసీ నాన్న ఒక్కరి ప్రాణం మీదే. ఆయన తర్వాత పెన్షన్ ఆగిపోతుంది, 40 లక్షలు అమ్మ ఖాతాలో పడతాయి. అంటే ఈ రోజు మేము ముగ్గురం కూర్చుని తల పట్టుకుంటున్న ఇదే ప్రశ్న, రేపు అమ్మ 70 ఏళ్ళప్పుడో 75 ఏళ్ళప్పుడో, దుఃఖంలో ఉండగా, ఒక్కతే ఎదుర్కోవాలి. బ్యాంకులో ఫారం నింపడానికి కూడా ఇప్పటికీ నాన్న పక్కన ఉండాలనుకునే మనిషి. ఇద్దరి పేరు మీదా తీసుకునే జాయింట్ పాలసీ ఉంటుందని మావయ్య చెప్పనేలేదు. ఫోన్ చేసి అడిగితే "అందులో నెలకి కొంచెం తక్కువొస్తుందమ్మా, అందుకే చెప్పలేదు" అన్నారు. నాకు నిజంగా కోపం వచ్చింది, పెన్షన్ కొనేదే ఇద్దరిలో మిగిలిన మనిషి కోసం కదా.

ఆ తర్వాత లెక్కలు నేనే వేశాను. పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ స్కీములో గరిష్ఠంగా 30 లక్షలు పెట్టొచ్చు, వడ్డీ 8.2 శాతం, మూడు నెలలకోసారి 61,500 వస్తుంది. అంటే నెలకి 20,500. అక్కడ 40 లక్షలకి ఇచ్చేదీ ఇక్కడ 30 లక్షలకి వచ్చేదీ దాదాపు ఒకటే! నాన్నకి ఇంకా 60 రాలేదు కాబట్టి రిటైర్మెంట్ డబ్బు అందిన మూడు నెలల్లోపే ఖాతా తెరవాలి, అప్పటికే నెలన్నర అయిపోయింది, మర్నాడే వెళ్ళాం.

మరి పెన్షన్ పాలసీ దండగేనా అంటే కాదు. పోస్టాఫీసు వడ్డీ ఐదేళ్ళ వరకే ఖాయం. ఆపైన మూడేళ్ళకి పొడిగించుకోవచ్చు గానీ అప్పుడున్న రేటే ఇస్తారు. 2020 ఏప్రిల్లో ఇదే స్కీము 8.6 నుంచి ఒక్కసారిగా 7.4కి పడింది. మా నాయనమ్మ 91 ఏళ్ళు బతికింది. అమ్మకి ఇప్పుడు 54, ఆవిడ కూడా అంతకాలం ఉంటే ముందు ఇంకా 37 ఏళ్ళున్నాయి. అన్నేళ్ళు రేటు మారకుండా ఇస్తానని రాసిచ్చేది యాన్యుటీ, అంటే ఇలాంటి పెన్షన్ పాలసీ ఒక్కటే. దాన్ని వడ్డీ కోసం కొంటే నష్టపోయినట్టే, ఎక్కువ కాలం బతుకుతామన్న భయానికి కొంటే మాత్రం అర్థం ఉంది. నేను అలాగే చూశాను.

ఇంటి ఖర్చు నెలకి 27 వేలు. పోస్టాఫీసు, ఈపీఎస్ కలిపితే 24 వేలు దాటుతుంది. ఆ లోటు తీరి కాస్త మిగిలేలా 8 లక్షలు మాత్రం జాయింట్ పాలసీలో పెట్టాం, ఎవరు ముందు వెళ్ళిపోయినా రెండోవారికి పూర్తి పెన్షన్ వచ్చే రకం, ఇద్దరి తర్వాత మాత్రం అసలు తిరిగి రాదు. నెలకి నాలుగున్నర వేల పైనే వస్తుంది.

నాన్నతో అసలు వాదన అసలు సొమ్ము దగ్గరే. "ఎనిమిది లక్షలూ కంపెనీకి వదిలేస్తామా?" అన్నారు. అసలు తిరిగొచ్చే రకం తీసుకుంటే నెలకి నాలుగైదు వందలు తగ్గుతుంది, ఇంచుమించు రెండు నెలలకో గ్యాస్ బండ. ధరలు ఏటా 6 శాతం చొప్పున పెరిగితే 30 ఏళ్ళ తర్వాత ఆ ఎనిమిది లక్షల విలువ ఈనాటి లక్షా నలభై వేలు. ఆ మాత్రం దానికి అమ్మ ప్రతి నెలా తగ్గించుకుని బతకక్కర్లేదు నాన్నా, మాకేం అక్కర్లేదు అన్నాను. తమ్ముడూ ఫోన్లో అదే చెప్పాడు. చాలాసేపు మాట్లాడలేదు ఆయన. ఈ రకంలో డబ్బు మధ్యలో వెనక్కి తీసుకునే దారి ఉండదు, అది ఒప్పుకునే సంతకం పెట్టారు. పాలసీ కాగితాలు వచ్చాక వద్దనుకోడానికి 30 రోజులుంటాయి, ఆ 30 రోజులూ కాగితాలు బీరువాలో పైనే ఉంచారు.

మిగిలిన 12 లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్లలో ఉన్నాయి. ఫ్యాక్టరీ ఇచ్చిన ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోయింది, ఆసుపత్రి ఖర్చొస్తే ఈ డిపాజిట్లే దిక్కు, అందుకే వాటి జోలికి వెళ్ళం. యాన్యుటీ నాలుగున్నర వేలు 12 ఏళ్ళకి సగం విలువకి వస్తుందని తెలుసు. వయసు పెరిగేకొద్దీ అసలు తిరిగిరాని రకానికి రేటు పెరుగుతుంది కాబట్టి, నాన్నకి 65 వచ్చాక అప్పటి అవసరం చూసి ఇంకొంచెం కొంటాం. ఈలోపు అమ్మకి ఫోన్లో ముఖం చూపించి లైఫ్ సర్టిఫికెట్, అంటే పెన్షన్‌దారు బతికే ఉన్నారన్న ధ్రువీకరణ, ఇవ్వడం నేర్పిస్తున్నాను, మొన్న నాన్నది అమ్మే చేసింది.